బొటనవేలు ఎక్కడుంది అంకుల్?

పాపని పియానో క్లాసులో చేర్పించడానికి తీసుకెళ్లిన రోజు నేను కాస్త ఛాతీ విరుచుకునే కూర్చున్నాను. తొమ్మిదేళ్లకే అది ఇంట్లో కీబోర్డు మీద నాలుగైదు సినిమా పాటలు వాయించేస్తోంది. నేర్పింది ఎవరు? నేనే. టీచరు ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. ట్రినిటీ పరీక్షల్లో ఎనిమిదో గ్రేడు పాసైంది. విజయవాడలో వాళ్లింటి ముందుగదిలో గోడకి ఆనించి పాత పియానో ఒకటి ఉంది. పాప దాని మీద ఒక పాట వాయించింది. మెచ్చుకుంటారని నేను ముందే మొహం సర్దుకుని కూర్చుంటే, ఆ అమ్మాయి పాటని వదిలేసి, తల పక్కకి వంచి పాప చేతి కిందకి చూస్తోంది.

"పాపకి ఎవరు నేర్పారండీ?"

"నేనేనండీ."

"మీరొకసారి వాయిస్తారా అంకుల్?"

వాయించాను. ఆమె మళ్లీ వంగి చూసింది.

"బొటనవేలు ఎక్కడుంది అంకుల్?"

అప్పుడు నేనూ చూసుకున్నాను. నాలుగు వేళ్లు మెట్ల మీద ఉన్నాయి. బొటనవేలు మాత్రం బయట గాలిలో, కిక్కిరిసిన బస్సు ఫుట్‌బోర్డు మీద కుర్రాడిలా వేలాడుతోంది. పాపని మళ్లీ వాయించమంది. పాపదీ అంతే. దాని కళ్లూ ముక్కూ అన్నీ వాళ్లమ్మవి. బొటనవేలు ఒక్కటే నా పోలిక.

ఆ నెల నుంచి పాప ఫీజుతో పాటు నా ఫీజూ కట్టడం మొదలుపెట్టాను. శనివారం సాయంత్రం ఐదింటికి పాప, ఐదున్నరకి నేను. నాకప్పుడు 44 ఏళ్లు. నేను ఆమెని మేడమ్ అంటాను, ఆమె నన్ను అంకుల్ అంటుంది. నా తర్వాత వచ్చే ఆరేళ్ల బాబు ప్రతి వారం తలుపు దగ్గర నిలబడి నా స్కేళ్లు విని, వాళ్లమ్మ చెవిలో ఏదో చెప్పి నవ్వుతాడు.

నేను బ్యాంకులో క్యాషియర్‌ని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోట్లు లెక్కపెట్టేది ఈ బొటనవేలే. మిషన్ వచ్చినా, చిరిగిన కట్టలకీ తడిసిన కట్టలకీ దీని అవసరం తీరలేదు. అలాంటిది పాట నోట్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు సమ్మె చేస్తోంది? సొంతంగా నేర్చుకున్నవాళ్ల తప్పుల్ని బద్ధకమనో, పద్ధతి తెలియకపోవడమనో తేల్చేస్తుంటారు. నా తప్పుల్ని ఒక్కొక్కటే వెనక్కి తవ్వుకుంటూ పోతే నాకు దొరికింది వేరు. వాటిలో ప్రతి ఒక్కటీ ఒకప్పుడు నన్ను గట్టెక్కించిందే. అప్పుడు నా ముందున్న వాయిద్యానికి అదే సరైన పద్ధతి. వాయిద్యం మారింది, చెయ్యి మారలేదు.

బొటనవేలి కథ మా నాన్నతో మొదలవుతుంది. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. నాన్న పౌరాణిక నాటకాలకీ, రామమందిరంలో భజనలకీ హార్మోనియం వాయించేవాడు. నేలమీద మఠం వేసుకుని, ఎడమ చేత్తో తిత్తి కొడుతూ, కుడి చేత్తో మెట్లు నొక్కేవాడు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు. ఈ మూడే ఆయన సైన్యం. పద్యం ఎక్కడికి పోతే అవి అక్కడికి పరిగెత్తేవి. ఇలా పెట్టు, అలా పెట్టు అని నాకు ఆయన చెప్పలేదు. ఆయనకీ ఎవరూ చెప్పలేదు. పక్కన కూర్చుని చూశాను, చేతికి వచ్చేసింది.

హార్మోనియం మన దేశానికి వచ్చినప్పుడు ఇలా లేదు. యూరప్‌లో అది కుర్చీలో కూర్చుని, కాళ్లతో తిత్తి తొక్కుతూ, రెండు చేతులతో వాయించే పెట్టె. మన పాటగాళ్లు నేలమీద కూర్చుంటారు కదా, అందుకని 19వ శతాబ్దం చివర్లో కలకత్తాలో దాని కాళ్లు తీసేసి, తిత్తిని వెనక్కి తెచ్చి చేతికి అప్పగించారు. మన సంగీతానికి అది చక్కగా అమరింది. రాగం పలకడానికి ఒక చెయ్యి చాలు. కాకపోతే ఆ రోజు నుంచి ఎడమ చెయ్యి పాట మానేసి గాలి కొట్టే ఉద్యోగంలో చేరింది. పియానో దగ్గర నా ఎడమ చెయ్యి ఎందుకలా మొద్దులా పడి ఉంటుందో అర్థం కావడానికి నాకు ఇంత చరిత్ర కావాల్సి వచ్చింది. మా ఇంట్లో రెండు తరాలుగా అది తిత్తి కొట్టే చెయ్యి.

బొటనవేలి విషయంలో నాన్నకి మహామహులే తోడున్నారు. జర్మనీలో కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ బాఖ్ అనే ఆయన 1753లో కీబోర్డు వాయించే పద్ధతి మీద ఒక పుస్తకం అచ్చు వేశాడు. ఆయన తండ్రి యోహాన్ సెబాస్టియన్ బాఖ్ కుర్రతనంలో విన్న గొప్ప వాయిద్యకారులు, వేళ్లు బాగా చాచాల్సి వస్తే తప్ప బొటనవేలు వాడేవారు కాదని అందులో రాశాడు. నల్ల మెట్లు ఎక్కువగా తగిలే శ్రుతుల్లో కూడా వాయించాల్సి వచ్చేసరికి దాన్ని లోపలికి పిలవక తప్పలేదు. లెక్క చాలా చిన్నది. ఒక స్కేలు వాయించాలంటే ఎనిమిది మెట్లు ఎక్కాలి, ఉన్నవి ఐదు వేళ్లు. నడిమి వేలు ఇంకా మెట్టు మీద ఉండగానే బొటనవేలు దాని కిందనుంచి దూరి నాలుగో మెట్టు అందుకోవాలి. అక్కడి నుంచి చెయ్యి మళ్లీ కొత్త ఐదు వేళ్లతో బయల్దేరుతుంది. అతుకు చెవికి తెలియకూడదు. నేనేమో అతుకు దగ్గర చెయ్యి మొత్తం ఎత్తి పక్కకి గెంతేవాణ్ణి. హార్మోనియం హోరులో, తబలా చప్పుడులో ఆ గెంతు కలిసిపోయేది. పియానో దగ్గర దొరికిపోయాను.

1998లో, డిగ్రీ చదువుతూ, ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. పెళ్లి రిసెప్షన్లు, చవితి పందిళ్లు. అక్కడ నాకు రెండో గురువు దొరికింది. కీబోర్డు మీద ఒక మీట. దాని పేరు ట్రాన్స్‌పోజ్.

వాయించని వాళ్లకి ఈ మీట సంగతి చెప్పాలి. పాడేవాళ్లది ఒక్కొక్కరిదీ ఒక్కో శ్రుతి. హార్మోనియం లెక్కలో ఒకటి శ్రుతి, అంటే కీబోర్డు వాళ్ల సి స్కేలు, హాయిగా అన్నీ తెల్ల మెట్లే. రెండున్నర శ్రుతి అన్నారంటే నల్ల మెట్లు అడ్డం పడతాయి. ట్రాన్స్‌పోజ్ మీట మూడుసార్లు నొక్కితే చాలు, మనం ఒకటిలో వాయించినా స్పీకర్లో రెండున్నర పలుకుతుంది. గాయకుడు వెనక్కి తిరిగి మూడు వేళ్లు చూపిస్తాడు, నేను మూడు నొక్కులు నొక్కుతాను, పాట మొదలు. పదమూడేళ్ల ఆర్కెస్ట్రా సర్వీసులో నేను సి స్కేలు పొలిమేర దాటలేదు. నా కీబోర్డులో తెల్ల మెట్లు అరిగి పసుపెక్కాయి. నల్లవి చాలావరకు షాపులోంచి తెచ్చినప్పటి మెరుపుతోనే ఉండేవి.

2003లో అనుకుంటా, వేమూరు వైపు ఒక రిసెప్షన్. పాట మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ వేశారు. సీరియల్ లైట్లన్నీ మళ్లీ వెలిగాయి. గాయని చరణం దగ్గర్నుంచి అందుకుంది, నేను ధైర్యంగా వేళ్లు దించాను. కరెంటు పోయినప్పుడే మీట సున్నాకి పడిపోయిందన్న సంగతి నా తలలో లేదు. ఆమె రెండున్నరలో ఉంది, నేను ఒకటిలో. తబలా అతను వాయించడం ఆపి నా వైపు చూశాడు. ఆమె మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టి "అన్నయ్యా, శ్రుతి! శ్రుతి!" అంటోంది. సరైన శ్రుతి నా చెవికి తెలుస్తూనే ఉంది, వేళ్లకే దారి తెలియదు. కంగారులో మీట వెతుక్కునేలోగా పెళ్లికొడుకు మేనమామ స్టేజీ ఎక్కి "సీడీ ఏదన్నా పెట్టండయ్యా" అన్నాడు.

తప్పు నా చేతిదని ఆ రాత్రి నేను ఒప్పుకోలేదు. కీబోర్డులో బ్యాటరీలు వేసుకోవడం మాత్రం నేర్చుకున్నాను.

నాలాంటివాడే అమెరికాలో ఒకడుండేవాడని తర్వాతెప్పుడో తెలిసి సంబరపడ్డాను. ఇర్వింగ్ బెర్లిన్. 'వైట్ క్రిస్మస్' పాట ఆయనదే. పియానో తనంతట తను నేర్చుకున్నాడు. నేను తెల్ల మెట్లకి అతుక్కుపోతే ఆయన నల్ల మెట్లకి అతుక్కుపోయాడు. ఎఫ్ షార్ప్, అంటే మన నాలుగున్నర శ్రుతి. మిగతా శ్రుతుల కోసం ఆయన దగ్గర ప్రత్యేకంగా చేసిన పియానో ఉండేది. మీట తిప్పితే యంత్రం పక్కకి జరిగి, అవే మెట్లు వేరే తీగల్ని పలికించేవి. ఈ కథ మేడమ్‌కి చెప్పి, అంతటివాడికే మీట కావాల్సి వచ్చింది కదా అన్నాను. "ఆయన పాటలు కట్టాడంకుల్. మీరూ కట్టండి, మీ మీట జోలికి నేను రాను" అంది.

క్లాసులో మొదటి రెండు నెలలూ వృథా. తప్పు నాదే. నాకు బాగా వచ్చిన పాటల్లోనే కొత్త వేలు పెట్టబోయాను. మొదటి మెట్టు మీద బొటనవేలు బుద్ధిగా ఉంటుంది. పల్లవి రెండో లైనుకి వచ్చేసరికి ఫుట్‌బోర్డు ఎక్కేస్తుంది. ఎప్పుడు జారుకుందో నాకే తెలియదు. పాత పాట ఎత్తుకోగానే చెయ్యి నన్ను అడగడం మానేస్తుంది. సైకిల్ తొక్కడం, జడ వేసుకోవడం లాంటి పనుల జ్ఞాపకం అలాంటిదే. మనం ఒక్కో అడుగూ ఆలోచించి చెయ్యం, మొదటి కొక్కెం లాగితే గొలుసు మొత్తం వచ్చేస్తుంది. పైగా అది చెరిపేస్తే పోయేది కాదు. దాని పక్కన ఇంకో దారి వేసుకుని, దాని మీదే నడిచి నడిచి గట్టిపరచుకోవాలి. పరధ్యానంలోనో కంగారులోనో ఉంటే కాళ్లు పాత దారే పడతాయి. ఇల్లు మారిన కొత్తలో ఆఫీసు నుంచి వస్తూ బండిని పాత వీధిలోకి తిప్పేసి నాలిక కరుచుకోనివాళ్లు ఎవరు?

ఈ మధ్యలో ఎక్కడో చదివి, చేతి పైన పది రూపాయల బిళ్ల పెట్టుకుని, అది పడకుండా సాధన చెయ్యడం మొదలుపెట్టాను. పాతకాలపు చిట్కా. క్యాషియర్‌ని కాబట్టి నచ్చింది కూడా. మేడమ్ చూసి బిళ్ల తీసి కిటికీలో పెట్టేసింది. బొటనవేలు కిందనుంచి దూరాలంటే మణికట్టు కాస్త కదలాలి. బిళ్ల పడకూడదని నేను చేతిని కర్రలా బిగబట్టాను. అంటే ఒక తప్పు పోగొట్టుకోవడానికి ఇంకొకటి అప్పు తెచ్చుకుంటున్నానన్నమాట. ఆ బిళ్ల ఇంకా ఆ కిటికీలోనే ఉంది.

మూడో నెలలో ఆమె నా పాత పాటలన్నింటినీ నిషేధించి, "ఈ రోజు బి స్కేలు చేద్దామంకుల్" అంది. బి అంటే ఏడు శ్రుతి. ఐదు నల్ల మెట్లూ అందులోనే ఉన్నాయి, తెల్లవి రెండే రెండు. ఒకటో ఎక్కం రానివాణ్ణి పంతొమ్మిదో ఎక్కం అడిగినట్టు అనిపించింది. పియానో విద్వాంసుడు షోపాన్ తన శిష్యులకి మొదట నేర్పే స్కేలు ఇదేనట. అందరూ సులువనుకునే సి స్కేలుని ఆయన చిట్టచివరికి ఉంచేవాడట. ఎందుకో చెయ్యి పెట్టి చూస్తే తెలిసింది. చెయ్యి చాచి చూసుకోండి, మధ్య వేళ్లు పొడుగు, బొటనవేలు పొట్టి. నల్ల మెట్లు ఎత్తుగా, లోపలికి ఉంటాయి. తెల్లవి ముందుకి ఉంటాయి. పొడుగు వేళ్లు నల్లవాటి మీద, పొట్టిది తెల్లదాని మీద వాలితే, చెయ్యి దేవుడిచ్చిన ఆకారంలోనే కూర్చుంటుంది. సి స్కేలులో అన్నీ ఒకే ఎత్తు, నున్నటి గచ్చు లాగా. వేలికి ఆనవాలు ఉండదు.

బి మీద బొటనవేలు పెట్టాను. చూపుడు వేలు, నడిమి వేలు రెండు నల్ల మెట్లెక్కాయి. అవి ఎత్తు మీద ఉండేసరికి వాటి కింద అరుగు కింద ఉన్నంత జాగా ఏర్పడింది. బొటనవేలు దాని కిందనుంచి దూరి రెండో తెల్ల మెట్టు మీదకి వచ్చింది. మళ్లీ మూడు నల్లవి, మళ్లీ బి. గెంతు లేదు. మేడమ్ ఏమీ అనలేదు. ఇంకోసారి వాయించాను. ఫుట్‌బోర్డు ఎక్కలేదు. తలుపు దగ్గర ఆరేళ్ల బాబు కూడా నవ్వలేదు, అది నాకు బాగా గుర్తు.

ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. కారణం షోపాన్ చెప్పిన వేళ్ల పొడుగు ఒక్కటే కాదు. ట్రాన్స్‌పోజ్ మీట నన్ను పదమూడేళ్లు సి స్కేలులో కట్టిపడేసింది. దాంతో నా తప్పులన్నీ కూడా ఆ ఒక్క ఇంట్లోనే కాపురం పెట్టాయి. మిగతా పదకొండు శ్రుతులూ ఒక్క గీత కూడా పడని పలకల్లా మిగిలిపోయాయి. అక్కడ నా చేతికి పాత దారి అనేది లేదు. నేనేది వేస్తే అదే మొదటి దారి. ఆ తర్వాత ఆరు నెలలు నేను సి వైపు తొంగి చూడలేదు. రోజూ పొద్దున ఇరవై నిమిషాలు, టిక్కు టిక్కుమని తాళం కొట్టే మెట్రోనోమ్ 50 మీద పెట్టుకుని, బి, తర్వాత ఎఫ్ షార్ప్, తర్వాత డి ఫ్లాట్. మా ఆవిడ వంటింట్లోంచి "మీ గోడ గడియారం సంగీతం అయ్యిందా?" అనేది.

నొక్కుడు రోగం కూడా ఒకటుంది నాకు, అది ఇంత తేలిగ్గా చిక్కలేదు. హార్మోనియం మెట్టుని మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దం ఒకటే, గాలిని బట్టి హెచ్చుతగ్గులు. నా మొదటి కీబోర్డూ అంతే. పైగా స్టేజీ మీద నా వాయింపు నాకే వినబడేది కాదు. వినబడనప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఇంకా గట్టిగా నొక్కుతాడు. పియానో ఇందుకు పూర్తిగా విరుద్ధం. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్తొలొమెయో క్రిస్తోఫోరి దాన్ని తయారుచేసిందే వేలి బలాన్ని బట్టి మెల్లగానూ గట్టిగానూ పలకాలని. ఇటాలియన్‌లో 'పియానో' అంటే మెల్లగా అనే అర్థం. మెట్టు దిగేది దాదాపు ఒక సెంటీమీటరు. దించడానికి కావాల్సిన బరువు 50 గ్రాములకి అటూ ఇటూ, అంటే ఆరేడు పది రూపాయల బిళ్లలు. ఆ దిగడంలో లోపలి సుత్తి తీగ వైపు ఎగురుతుంది. తీగకి తగలబోయే ముందే అది మెట్టుతో తెగతెంపులు చేసుకుని, తనంతట తను వెళ్లి తగులుతుంది. మామిడికాయకి రాయి విసిరాక చెయ్యి ఎంత ఊపినా రాయికి పట్టదు కదా. శబ్దం వచ్చేశాక నేను నొక్కుతున్న నొక్కుడంతా అలాంటిదే. ముంజేతిలో రాత్రిళ్లు వచ్చే నొప్పి నోట్ల కట్టల వల్ల అనుకునేవాణ్ణి. శబ్దం రాగానే వేలు వదులు చెయ్యడం అలవాటయ్యాక నొప్పి తగ్గింది. నోట్ల కట్టలు మాత్రం తగ్గలేదు.

ఇక అన్నింటికంటే సిగ్గుపడింది ఒక ఆదివారం. పాప గదిలో బొమ్మలేసుకుంటూ నేను రోజూ వాయించే ఒక పాట కూనిరాగం తీస్తోంది. చరణంలో ఒకచోట ఆగి, ఒక స్వరం తప్పుగా పాడి, వెనక్కి వెళ్లి సరిచేసి, ముందుకి పోయింది. రెండోసారీ అక్కడే ఆగింది, అదే తప్పు, అదే దిద్దుబాటు. అది నేను వాయించే తీరు. తప్పు పడగానే రెండు స్వరాలు వెనక్కెళ్లి దిద్దుకుని పోవడం సాధన అనుకున్నాను. రోజూ చేసేసరికి తప్పూ దిద్దుబాటూ రెండూ పాటలో భాగమైపోయాయి. పాపకి ఆ పాట అలాగే ఉంటుందని తెలుసు, అంతే. మేడమ్ మందు చెప్పింది. తప్పు పడ్డాక కాదు, పడబోయే ముందు ఆగాలి. ఆగి, తర్వాతి వేలు ఏదో నోటితో చెప్పుకుని, అప్పుడు నొక్కాలి. విసుగు పుట్టించే పని. పనిచేస్తుంది.

ఫ్రాన్సులో ఫ్రాన్స్వా కూప్రాఁ అనే ఆయన 1716లో, పియానోకి ముందుతరం వాయిద్యమైన హార్ప్సికార్డ్ వాయించడం మీద పుస్తకం రాశాడు. చిన్నపిల్లలకి పాఠం అయ్యాక వాయిద్యం తాళంచెవి తనతో పట్టుకుపోయేవాడట, ముప్పావుగంట నేర్పింది తను లేనప్పుడు క్షణంలో పాడు చేసుకోకుండా. ముందు నవ్వొచ్చింది. పాప కూనిరాగం విన్న తర్వాత నవ్వు రాలేదు. మా ఇంట్లో అయితే తాళం వెయ్యాల్సింది పిల్లకి కాదు, తండ్రికి. వాయించేటప్పుడు మొహం చిట్లించేవాళ్లు ఎదురుగా అద్దం పెట్టుకోమని కూడా ఆయనే అన్నాడు. నాకు అద్దం బదులు ఫోను. పక్కనుంచి వీడియో తీసుకుని రాత్రి చూసుకుంటాను. చెవి పట్టుకోని తప్పులన్నీ అందులో బయటపడతాయి.

అన్నీ పోయాయని చెప్పను. చేతుల వైపు చూడకుండా వాయించడం ఇంకా రాదు. కిందటేడు మా కొలీగ్ గృహప్రవేశంలో, వాళ్ల అబ్బాయి కీబోర్డు తెచ్చి ముందు పెట్టి "అన్నయ్యా, మీ పాత పాట ఒకటి" అన్నారు. యాభైమంది చూస్తున్నారు. చెయ్యి నన్ను అడగలేదు. సి స్కేలు, గెంతులు, గాలిలో బొటనవేలు. అందరూ చప్పట్లు కొట్టారు. కింద కూర్చున్న పాప మాత్రం నా చేతి కిందకి చూసి, వాళ్ల మేడమ్ లాగే తల పక్కకి వంచింది.

ఈ శ్రీరామనవమికి ఊరెళ్లాం. రామమందిరంలో నాన్న హార్మోనియం ఇంకా ఉంది. మూడు మెట్లు మూగబోయాయి. భజన వాళ్లు కూర్చోమన్నారు. ఎడమ చెయ్యి తిత్తి దగ్గరికి, కుడి చేతి మూడు వేళ్లు మెట్ల మీదకి వాటంతట అవే వెళ్లిపోయాయి. బొటనవేలు పెట్టె అంచు బయట ఊగుతోంది. పాప నా చెవిలో "నాన్నా, బొటనవేలు" అంది. ఇక్కడ దాన్ని ఉండనీవే అన్నాను. తాళాలు మొదలయ్యాయి.